గోడకేసి తిరిగిన పటం

నేనొక గుడ్డ పటాన్ని. డిగ్రీ కాలేజీలో బీఏ మొదటి సంవత్సరం పిల్లలకు అశోకుడి సామ్రాజ్యాన్ని చూపించడం నా కొలువు. పుట్టుక గురించి చెప్పుకోడానికి పెద్దగా ఏమీ లేదు. కాగితం మీద అచ్చేశారు, వెనక గుడ్డ అంటించారు, పైన వార్నిష్ పూశారు, తలకో కర్ర, కాళ్లకో కర్ర బిగించారు. చుట్టేస్తే అటెండర్ చంకలో ఇమిడిపోతాను. విప్పితే అఫ్గానిస్తాన్ నుంచి మైసూరు దాకా పరుచుకుంటాను.

ఒళ్లంతా గులాబీ రంగు. దాని మీద నల్లచుక్కలు: తక్షశిల, పాటలీపుత్రం, సారనాథ్, గిర్నార్, ధౌలి, జౌగడ, మస్కి, ఎర్రగుడి. హెచ్‌ఈపీ గ్రూపు (చరిత్ర, ఆర్థికశాస్త్రం, రాజనీతిశాస్త్రం) వాళ్లకు నేనంటే ఆ చుక్కలే. పరీక్షలో మ్యాప్ పాయింటింగ్ ఉంటుంది కదా. ఖాళీ పటంలో చుక్క పెట్టి, ఆ ఊరి ప్రాముఖ్యం రెండు వాక్యాల్లో రాస్తే మార్కులు. అందుకని పరీక్షల ముందు వారం నాకు ఎక్కడలేని మర్యాద. గుంపులుగా వచ్చి, మీద వేళ్లు పెట్టి, నోట్సులో ఎక్కించుకుని పోయేవాళ్లు. తీరా పరీక్ష రోజున అటెండర్ వచ్చి నన్ను గోడకేసి తిప్పేవాడు, చూసి రాస్తారని. ఏడాదంతా నా మొహం చూడని మహానుభావులు ఆ మూడు గంటలూ నా వీపు వంక ఎంత ఆశగా చూసేవారో!

నా పగంతా గైడు మీదే. కళింగ యుద్ధ ఫలితాలు ఐదు పాయింట్లు, అశోకుని ధర్మం ఎనిమిది పాయింట్లు. అందులోనూ పటం ఉంటుంది, తపాలా బిళ్లంత. చెరువు మీదికి వచ్చిన ధౌలి, సముద్రంలో పడ్డ జౌగడ. అలా చదివినవాళ్లూ పాసయ్యేవారు, అదీ నా ఏడుపు.

ఒక మేడం మాత్రం వేరు. పొడవాటి కర్ర పట్టుకుని వచ్చేవారు. ధౌలి ఎక్కడో చూపించి ఊరుకునేవారు కాదు. "కళింగలో లక్షమంది చచ్చిపోయారు, లక్షన్నర మందిని చెరపట్టి తీసుకుపోయారు, అది తలుచుకుంటే నాకు దుఃఖంగా ఉంది అని రాజు చెప్పుకున్నది పదమూడో శిలాశాసనంలో. ధౌలి కళింగలోనే ఉంది. మరి ఆ శాసనం ధౌలిలో ఉందా?" అనేవారు. క్లాసంతా ఒక్క గొంతుతో "ఉంది మేడం!" అనేది.

"లేదు."

ధౌలిలోనూ జౌగడలోనూ పదకొండు, పన్నెండు, పదమూడు శాసనాలు చెక్కించలేదు. వాటి బదులు వేరే రెండు శాసనాలు పెట్టారు. ప్రజలంతా నా బిడ్డలే, ఎవర్నీ అన్యాయంగా చెరలో పెట్టొద్దని అక్కడి అధికారులకు ఆజ్ఞలు. మరి రాజుగారి దుఃఖం ఎక్కడ చెక్కారు? మేడం కర్ర నా మీద జారుతూ వచ్చి కర్నూలు జిల్లా ఎర్రగుడి దగ్గర ఆగేది. తర్వాత పైకెక్కి, ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న షాబాజ్‌గఢీ దగ్గర ఆగేది. కళింగకు ఇంతింత దూరాల్లో ఉంది ఆ మాట. ఓడినవాళ్ల గడప ముందు మాత్రం లేదు.

"ఎందుకని?"

ఆ ప్రశ్న పడ్డాక వచ్చే నిశ్శబ్దం ఉందే, అది వినడానికే నేను గోడకు వేలాడానని చెప్పొచ్చు. వెనక బెంచీ కుర్రాడు "సిగ్గేసి ఉంటుంది మేడం" అన్నాడొకసారి. ఒకమ్మాయి లేచి "గుర్తుచేస్తే మళ్లీ తిరగబడతారని భయమేమో" అంది. మేడం ఇద్దరి మాటా ఒప్పుకోలేదు, కాదనలేదు. "ఆధారం చూపించండి" అన్నారు. శాసనం రాజు మాట, తన గురించి తాను చెప్పుకున్నది. కళింగవాళ్లు ఏమనుకున్నారో చెప్పే రాయి మనకు దొరకలేదు, అది గుర్తుపెట్టుకుని మాట్లాడండి అన్నారు. గైడులో ఈ పాయింటు లేదు.

నా గులాబీ రంగునూ వదిలేవారు కాదావిడ. ఈ చుక్కకూ ఆ చుక్కకూ మధ్య ఎన్ని అడవులు, ఎన్ని తెగలు! అన్నిచోట్లా ఒకే అధికారం నడిచిందని రంగు చెబుతోంది, శాసనాలు చెబుతున్నాయా అని అడిగేవారు. రొమిలా థాపర్ వంటి చరిత్రకారులు ఈ ఏకరంగును ఎప్పుడో ప్రశ్నించారట. వింటుంటే నాకు కాస్త చురుక్కుమనేది, కానీ రంగేసింది నేను కాదు కదా. మస్కి వంతు వస్తే నాకు మళ్లీ హుషారు. 1837లో ప్రిన్సెప్ బ్రాహ్మీ లిపిని చదివినప్పుడు శాసనాల్లో కనిపించింది దేవానాంపియ పియదసి అన్న బిరుదే. ఆ రాజు అశోకుడేనని రాతిమీద పేరుతో సహా తేల్చింది 1915లో, అప్పటి నిజాం రాజ్యంలోని మస్కిలో బయటపడ్డ శాసనం.

మేడం రిటైరయ్యారు. సెమిస్టర్లు వచ్చాయి. మేకు అదే, దాని మీద ప్రొజెక్టర్ తెర వేలాడింది. నన్ను చుట్టి, విరిగిన బెంచీల వెనక స్టోర్ రూములో నిలబెట్టారు. చెదలు ముందు తక్షశిలను తిన్నాయి, తర్వాత గాంధారమంతా తిన్నాయి. వానాకాలం సీలింగు కారి పాటలీపుత్రం మీద మరక పడింది. బల్లి నా మడతల్లో గుడ్లు పెట్టింది. ఏళ్లకేళ్లు ఎవరూ తలుపు తీయలేదు. ఒకసారి మాత్రం తీశారు, కాలేజీని తనిఖీ చేసే న్యాక్ బృందం వస్తోందని. దుమ్ము దులిపి, చినిగిన చోట జిగురు టేపు అంటించి, డిపార్ట్‌మెంటు గోడకు తగిలించారు. ఫొటో తీశారు. మర్నాడు మళ్లీ స్టోరు రూమే. ఇప్పుడు అక్కడ అద్దం పగిలిన కిటికీకి నన్ను అడ్డం కట్టారు. ఎండ సగం, వాన సగం నావే.

ఫోన్లలో నాకన్నా మంచి పటాలొచ్చాయని విన్నాను. నాకేం బాధ లేదు, వాటినే వాడుకోండి. మొదటి సంవత్సరం పాఠం చెప్పే సార్లకూ మేడంలకూ నా మనవి ఒక్కటే: చుక్క పెట్టించాక, అక్కడ ఏం చెక్కారో, ఏం చెక్కించకుండా వదిలేశారో కూడా అడగండి. వీలుంటే పిల్లల్ని ఎర్రగుడి తీసుకెళ్లండి. గుత్తికి దగ్గరే. పద్నాలుగు శిలాశాసనాలూ అక్కడి బండల మీద ఉన్నాయి. అక్కడే ఉన్న చిన్న శిలాశాసనంలో కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు చెక్కి ఉంటాయి. ఎందుకలా చెక్కారో పిల్లల్నే చెప్పమనండి.