ప్యాన్‌కి పొంతన కుదరాలి

మా గ్యారేజీలో ఉన్న కారు కాగితాల మీద 1932 ఫోర్డ్. ఆ పేరు తీసేస్తే అందులో ఫోర్డ్ వాళ్ళది మిగిలేది తక్కువే. బాడీ ఫైబర్‌గ్లాస్, ఎవరో తర్వాతెప్పుడో అచ్చు పోసింది. ఇంజిన్ షెవ్రొలే వాళ్ళ 350 క్యూబిక్ అంగుళాల వి-8, గేర్‌బాక్సూ వాళ్ళదే. స్టీరింగ్ బాక్సు షెవ్రొలే వేగా అని, జనం ఎప్పుడో మర్చిపోయిన ఒక చిన్న కారుది. సీటు ఏ వ్యానులోంచి పీకుకొచ్చారో ఇంతవరకు తేలలేదు. వెనక ఇరుసొక్కటి నిఖార్సయిన ఫోర్డ్‌ది, అదీ 1957లో పుట్టిన తొమ్మిది అంగుళాల రకం. ఇలాంటి దాన్ని అమెరికాలో హాట్ రాడ్ అంటారు. సిగ్నల్ దగ్గర ఆగితే పక్క కారువాళ్ళు అద్దం దించి బొటనవేలు చూపిస్తారు. మా ఆవిడ డబ్బా అంటుంది.

దీనికో వంశచరిత్ర ఉంది. 1932లో హెన్రీ ఫోర్డ్ సామాన్యుడు కొనగలిగే ధరలో వి-8 ఇంజిన్ కారు దింపాడు. 221 క్యూబిక్ అంగుళాలు, 65 గుర్రాల బలం. అది కాస్త పాతబడి చవకయ్యేసరికి కాలిఫోర్నియా కుర్రాళ్ళు మడ్‌గార్డులు ఊడబెరికి, బరువు తగ్గించి, మురాక్ లాంటి ఎండిపోయిన సరస్సుల మీద పరుగులు పెట్టించారు. యుద్ధం నుంచి తిరిగొచ్చిన వాళ్ళతో ఆ పిచ్చి దేశమంతా పాకింది. 1948 జనవరిలో ఏకంగా ‘హాట్ రాడ్’ అనే పత్రికే మొదలైంది. ఆ తర్వాత 1955లో షెవ్రొలే వాళ్ళు తమ చిన్న వి-8 తెచ్చారు. తేలిక, చవక, ఏ పాతసామాన్ల కొట్లో చూసినా ఉండేది. అప్పట్నుంచి ఫోర్డ్ బాడీలో షెవ్రొలే ఇంజిన్ పెట్టడం ఆచారమైపోయింది. ఇందులో ఇంకో విడ్డూరం కూడా ఉంది. షెవ్రొలే ఇంజిన్‌కి డిస్ట్రిబ్యూటర్ వెనక, నూనె నిలిచే గుంట కూడా వెనకే. కాబట్టి ఫోర్డ్ ముందు అడ్డకమ్మీకి అది తగలదు. ముస్టాంగ్‌లో వచ్చిన ఫోర్డ్ సొంత వి-8కి ఆ గుంట ముందుంది, వెళ్ళి సరిగ్గా ఆ కమ్మీకే కొట్టుకుంటుంది. సొంత ఇంటివాడికి చోటు లేదు, పొరుగింటివాడు దర్జాగా కూర్చున్నాడు.

ఇప్పుడు నా గొడవంతా ఆ గుంట గురించే. ఆయిల్ ప్యాన్ అంటే ఇంజిన్ అడుగున బోల్టులతో బిగించిన రేకు తొట్టి. అందులో తిరిగే భాగం లేదు, వైరు లేదు, కంప్యూటరు లేదు. నూనె పట్టి ఉంచడమొక్కటే దాని పని. కారు మొత్తంలో ఇంతకన్నా తెలివితక్కువ వస్తువు ఉండదు. అందుకే అది దొరకడం తేలికనుకుంటారు, దాని జోలికి పోనివాళ్ళు.

పాత ప్యాన్ ఎలా పోయిందంటే, దైవకార్యంలో పోయింది. మేముండేది మిషిగన్‌లో, డెట్రాయిట్ పక్కన. కొత్తది కొన్నా పాతది కొన్నా మనవాళ్ళకి వాహనపూజ తప్పదు కదా. పూజారిగారు బానెట్టు మీద స్వస్తిక్ రాయబోయి, బానెట్టే లేకపోవడంతో రేడియేటర్ మీద రాశారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, గుమ్మడికాయ దిష్టి తీసి, “ముందుకి పోనివ్వండి” అన్నారు. పోనిచ్చాను. నిమ్మకాయలు నలిగాయి. వాటికి పది అడుగుల అవతల గుడి పార్కింగ్ స్థలంలో స్పీడ్ బ్రేకరొకటి ఉంది. నేలకి జానెడెత్తున వేలాడే ప్యాన్ దాని మీద కూర్చుంది. కిందనుంచి వచ్చిన చప్పుడుకి కొబ్బరికాయ కొట్టారనుకుని వెనక నుంచున్న వాళ్ళు దణ్ణం పెట్టారు. చలికాలంలో మంచులో చక్రాలు జారకుండా డిక్కీలో పెంపుడు పిల్లులకి వాడే ఇసుక మూట పడేసుకోవడం ఇక్కడి అలవాటు. ఆ రోజు ఎవరి డిక్కీలోదో ఆ మూట ఖాళీ అయ్యాక గానీ నూనె మడుగు ఆరలేదు. పూజారిగారు మాత్రం నిబ్బరంగా, “దిష్టి బలంగా ఉందండీ. ఇంజిన్‌కి రావలసింది ప్యాన్‌తో పోయింది” అన్నారు. ఇంజిన్ ధర తెలిసినవాణ్ణి కాబట్టి సంభావన పెంచి ఇచ్చాను.

ఆగస్టు మూడో శనివారం ఇక్కడ ఉడ్‌వర్డ్ అవెన్యూ మీద పాత కార్ల ఊరేగింపు జరుగుతుంది. 1995లో మొదలైంది. దానికి వెళ్ళకపోతే ఈ కారు పెట్టుకుని మిషిగన్‌లో ఉండటం దండగ. అప్పటిలోగా ప్యాన్ కావాలి.

విడిభాగాల కొట్టుకి వెళ్ళాను. కౌంటర్ వెనక కుర్రాడు కీబోర్డు మీద వేళ్ళు పెట్టి, “సంవత్సరం, కంపెనీ, మోడల్?” అన్నాడు. ఈ దేశంలో మనిషికి సోషల్ సెక్యూరిటీ నంబరెంతో కారుకి ఈ మూడు ముక్కలు అంత. నిజం చెప్పాను. 1932 ఫోర్డ్. కంప్యూటర్ కాసేపు ఆలోచించి వైపర్ బ్లేడు చూపించింది. “ఇంజిన్ షెవ్రొలేది” అన్నాను. “ఫోర్డ్ అన్నారు కదా?” “కారు ఫోర్డ్.” “మరి ఇంజిన్?” “షెవ్రొలే.” కుర్రాడు మేనేజర్ని పిలిచాడు. మేనేజర్ నా వంక జాలిగా చూసి, మెల్లగా, “సార్, ఏదో ఒక కారు పేరు చెప్పండి” అన్నాడు.

అంటే అబద్ధమాడాలి. హాట్ రాడ్ ఉన్నవాడు కౌంటర్ దగ్గర నిజం చెప్తే ఏ సామానూ చేతికి రాదు. కానీ ఏ అబద్ధం? 1970 కమారో అనాలా, 1978 పికప్ ట్రక్కు అనాలా, 1987 ఇంకోటేదో అనాలా? ఒక్కో అబద్ధానికి ఒక్కో ప్యాన్ వస్తుంది. అన్నీ నల్లరంగువే, అన్నీ ఒకేలా ఉంటాయి, ఒకటి పట్టినచోట ఇంకోటి పట్టదు.

ఈ చిక్కు విప్పింది మా ఎదురింటి పెద్దాయన. కార్ల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాడు. మా గ్యారేజీ తలుపు లేచిందంటే మడతకుర్చీ పట్టుకుని వచ్చేస్తాడు. ఆయన అడిగిన మొదటి ప్రశ్న, “నీ నూనె పుల్ల ఏ వైపుంది?”

ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్ సంగతి. 1979 దాకా వచ్చిన షెవ్రొలే చిన్న వి-8లకి అది డ్రైవర్ వైపు, 1980 నుంచి అవతలి వైపు. దాన్నిబట్టి ప్యాన్ ఆకారం మారుతుంది. తర్వాత క్రాంక్ వెనక సీలు. 1985 దాకా రెండు ముక్కలు, 1986 నుంచి ఒకటే ముక్క. అది మారితే ప్యాన్ వెనక వంపు మారుతుంది. ఇక ముందు సీలు. 1974 దాకా పల్చన, 1975 నుంచి మందం. తేడా సుమారు 3 మిల్లీమీటర్లు, నూనె కారడానికి అది రాజమార్గం. ఇవన్నీ కుదిరాక స్టార్టర్ మోటారుకి చోటుండాలి, స్టీరింగ్ కడ్డీకి తగలకూడదు, లోతు ఎక్కువై నేలకి ఆనకూడదు. మా పెళ్ళికి మా నాన్నగారు కూడా ఇన్ని పొంతనలు చూడలేదు.

“బ్లాకు మీద అచ్చు నంబరుంటుంది, చదువు” అన్నాడు పెద్దాయన. ఉంటుంది. ఎక్కడ? ఇంజిన్ వెనక, గేర్‌బాక్సు కలిసే అంచు మీద, డ్రైవర్ వైపు. అంటే మనిషి తల పట్టని సందులో. ఫోన్‌ని కర్రకి కట్టి లోపలికి దూర్చి ఫొటోలు తీశాను. మొదట నా బొటనవేలు, తర్వాత సాలెగూడు, ఆ తర్వాత గ్రీజు పొర కింద ఉబ్బెత్తు అంకెలు వచ్చాయి. వైర్ బ్రష్షుతో గీకితే 3970010 అని తేలింది. పెద్దాయన పాత స్నేహితుణ్ణి చూసినట్టు నవ్వాడు. 1969 నుంచి 1979 దాకా లెక్కలేనన్ని కార్లకీ ట్రక్కులకీ వేసిన 350 బ్లాకట. రెండో వైపు తేదీ కూడా ఉంటుంది. నెలకో అక్షరం, రోజుకి అంకె, సంవత్సరానికి ఆఖరి అంకె. మాది ఎఫ్ 12 9. జూన్ 12. ఆఖర్న తొమ్మిది.

1969 కావచ్చు, 1979 కావచ్చు. పల్చటి సీలు కాలంలో పుట్టిందా, మందపాటి సీలు కాలంలో పుట్టిందా? కార్లు చేసేవాళ్ళకి దశాబ్దం రాయడానికి ఇంకో అంకెంత ఇనుము పట్టేది చెప్పండి. తల గీరుకుంటూ గ్యారేజీ అంతా తిరిగాను. ముందుభాగాన చెక్కిన అక్షరాలేమైనా సాయపడతాయేమోనని రంగు గీకాను. ఇంజిన్ బాగుచేసినవాడెవడో ఆ చోటుని నున్నగా చెక్కేశాడు. జన్మనక్షత్రం పోయింది. అంతా అయ్యాక పెద్దాయన కాఫీ చప్పరిస్తూ, “అయినా ముందు సీలు మందం తేల్చేది బ్లాకు కాదు, నువ్వు కొనే ప్యాన్. దానికి తగ్గ గ్యాస్కెట్ వేసుకుంటే సరి” అన్నాడు.

“ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా?”

“నువ్వు అడగలేదు. పైగా సరదాగా కనిపించావు.”

ఈలోగా విజయవాడ ఆటోనగర్‌లో లారీల షెడ్డున్న మా మావయ్యకి ఫోన్ చేశాను. సాంకేతిక సలహాకి కాదు, ఓదార్పుకి. ఆయన మొత్తం విని, “ఒరే అబ్బాయ్, కొనడమేంట్రా రేకు తొట్టిని? పాతది పంపు. పొద్దున్నిస్తే సాయంత్రానికి మనోడు కోసి, వెల్డింగ్ కొట్టి, రంగేసి ఇస్తాడు. బాగుంటే ఇంకో నాలుగు చేసి మీ అమెరికావాళ్ళకే అమ్మొచ్చు” అన్నాడు. నాలుగోది ఎవరికి అమ్ముతాడో కూడా అప్పటికప్పుడే ఆలోచించినట్టుంది. విమానంలో పంపే ఖర్చు విని మాత్రం, “అయితే అక్కడే చూసుకో” అన్నాడు.

ఊరి చివర మైదానంలో పాత సామాన్ల సంత పెడితే మా ఆవిడతో కలిసి వెళ్ళాను. పెన్సిల్వేనియాలో హెర్షీ అనే చాక్లెట్ ఊళ్ళో 1955లో మొదలై, అక్టోబరులో జరిగే సంతయితే మహా సముద్రమంటారు. అక్కడ కంపెనీ వదిలినట్టే ఒక్క మేకు మారకుండా కార్లు కాపాడుకునే భక్తులుంటారు. ఫోర్డ్‌లో షెవ్రొలే పెట్టినవాడు వాళ్ళ లెక్కలో వర్ణసంకరం చేసినవాడే. ఈ సంతలో ఆ పట్టింపుల్లేవు. తడిగడ్డి మీద ప్యాన్‌లు గుట్టలుగా పోసి ఉన్నాయి. మొదటి గుట్టలో డిప్‌స్టిక్ కుడివైపువి. రెండో గుట్టలో క్రోమియం పూత పూసినవి, దూరం నుంచి పెళ్ళివారి వెండి కంచాల్లా మెరుస్తున్నాయి. పెద్దాయన ముందే హెచ్చరించాడు, చవక క్రోమియం కింద రేకు పల్చన, అంచులు చదునుగా ఉండవు, బిగించిన నెలకే చెమ్మ మొదలని. మూడో చోట అచ్చం మాకు కావలసిందే కనిపించింది. తిప్పి చూస్తే అడుగున ఎవరో అతుకు వేసి, ఆ అతుకు మీద ఇంకో అతుకు వేశారు.

అమ్మేవాడు గడ్డం నిమురుకుంటూ, “దేనికైనా పడుతుంది” అన్నాడు.

“దేనికైనా పడితే ఇన్నాళ్ళూ దేనికీ ఎందుకు పెట్టలేదట?” అంది మా ఆవిడ తెలుగులో. నేను అనువదించలేదు. అయినా వాడు ధర సగానికి దించాడు. విజయవాడ బీసెంట్ రోడ్డులో చీరలు కొన్న మనిషి మొహం ఏ భాషవాడికైనా అర్థమవుతుంది. కొనకుండానే ఆవిడ గెలిచిన సంతోషంతోనూ, నేను వట్టి చేతులతోనూ ఇంటికొచ్చాం.

చివరికి తపాలాలో తెప్పించాను. డిప్‌స్టిక్ డ్రైవర్ వైపు, సీలు రెండు ముక్కలు, ముందు సీలు మందం, మామూలు లోతు. ఫిల్టరుతో కలిపి నూనె అయిదు క్వార్టులు, అంటే నాలుగున్నర లీటర్ల పైచిలుకు. రేసు ప్యాన్‌లు ఇంకా ఎక్కువ పట్టేవి ఉన్నాయి గానీ, వాటి లోతుకి మా గుడి స్పీడ్ బ్రేకరే కాదు, రోడ్డు మీద తెల్లగీత కూడా అడ్డమే.

ప్యాన్ రాగానే బిగించెయ్యడానికి లేదు. లోపల నూనె పీల్చే గొట్టానికి జల్లెడ మూతి ఉంటుంది. అది ప్యాన్ అడుగుకి పావు అంగుళం నుంచి అంగుళంలో ఎనిమిదింట మూడు వంతుల దాకా ఎడంగా ఉండాలి. మరీ దగ్గరైతే నూనె అందదు, మరీ ఎత్తయితే మలుపుల్లో గాలి పీలుస్తుంది. కొలవడానికి బంకమట్టి ముద్ద పెట్టి, ప్యాన్ నొక్కి తీసి, ముద్ద మందం చూడమన్నాడు పెద్దాయన. ఆదివారం రాత్రి తొమ్మిదింటికి బంకమట్టి ఎక్కడ? వంటింట్లో చపాతీల పిండి ఉంది. గట్టిగా కలిపిన పిండిలోంచి నిమ్మకాయంత తీసి, అంటకుండా నూనె రాసి, జల్లెడ మూతికి అంటించాను. కారు కింద వెల్లకిలా పడుకుని గ్యాస్కెట్టుతో సహా ప్యాన్ ఎత్తి నొక్కి పట్టుకుని, మెల్లగా దించాను. పిండి మీద జల్లెడ గళ్ళు చక్కగా అచ్చుపడ్డాయి. చాకుతో నిలువుగా కోసి స్కేలు పెడితే సరిగ్గా ఎనిమిదింట మూడు వంతులు. పెద్దాయన వేలితో తడిమి, “ఇదేం మట్టి? మంచి మట్టి. ఎక్కడ కొన్నావ్?” అన్నాడు. మా ఆవిడ కారు కిందకి వంగి, “ఏవండీ, ఆ ముద్ద మళ్ళీ గిన్నెలో వెయ్యకండి” అంది.

బోల్టుల్ని బలంకొద్దీ బిగించడం చేతగానివాళ్ళ బలప్రదర్శన. పావు అంగుళం బోల్టుకి 80 అంగుళం-పౌండ్లు చాలు, మణికట్టు తిప్పితే అయిపోతుంది. ఇంకాస్త, ఇంకాస్త అని బిగిస్తే రంధ్రం చుట్టూ రేకు ఉబ్బి, గ్యాస్కెట్ నలిగి, నూనెకి మనమే కాలవ తవ్విచ్చినట్టు. పెద్దాయన కుర్చీలోంచి నా మోచేయి కదలికనే చూస్తూ కూర్చున్నాడు. నూనె పోశాను. మీట నొక్కగానే ఎనిమిది సిలిండర్లూ గర్జించాయి. మా వీధి కుక్కలన్నీ బదులిచ్చాయి. కింద పరిచిన అట్టముక్క మీద చుక్క లేదు. పావుగంట చూశాం. లేదు. పెద్దాయన చెయ్యి కలిపి ఇంటికెళ్ళాడు.

పొద్దున్న అట్ట మీద రూపాయి బిళ్ళంత మరక. ప్యాన్ చుట్టూ వేలు పెట్టి తుడిచి చూశాను, ఎక్కడా తడి లేదు. చుక్క వస్తున్నది ఇంకాస్త వెనకనుంచి. పెద్దాయనొచ్చి టార్చి వేసి చూసి, “ప్యాన్ భేషుగ్గా ఉంది. ఇది క్రాంక్ వెనక ఉండే రెండు ముక్కల సీలు. చవకే, మార్చడం తేలికే” అన్నాడు.

“ఏం చెయ్యాలి?”

“ముందు ప్యాన్ విప్పాలి” అని కుర్చీ విప్పుకున్నాడు.

మా ఆవిడ వంటింట్లోంచే అడిగింది, “పిండి ఎంత కలపమంటారు?”