ధడా కట్టని తూకం

పోయిన ఆదివారం మా మనవడు లెక్కల నోట్సు ముందేసుకొని కూర్చున్నాడు. ఏడో తరగతి. తండ్రి వయసు కొడుకు వయసుకు నాలుగింతలు, ఐదేండ్ల తర్వాత మూడింతలవుతుంది, ఇప్పుడు ఎవరి వయసెంత? మా కాలం నుంచీ ఉన్న లెక్కే. వాడు గబగబా రాసినాడు: 4 ఎక్స్ + 5 = 3 ఎక్స్ + 5. ఇటువి అటు, అటువి ఇటు మార్చినాడు. ఎక్స్ = 0 అని తేల్చి, కింద రెండు గీతలు కొట్టి తర్వాతి లెక్కకు పోయినాడు.

"కొడుకు వయసు సున్నా అయితే తండ్రి వయసెంతరా?" అన్నాను.

"నాలుగు సున్నాలు సున్నా, జేజినాయనా."

"ఇద్దరూ ఒకే రోజు పుట్టినారా?"

అప్పుడు చూసుకున్నాడు నోట్సు వైపు.

బ్రాకెట్టు మరిచినందుకు నాకు కోపం రాలేదు. పిల్లలన్నాక మరుస్తారు. వచ్చిన జవాబును తీసుకపోయి లెక్కలో పెట్టి చూడాలన్న ఆలోచనే వానికి రాలేదు. నా బాధంతా దాని గురించే.

నేను ఏడో తరగతి చదివింది 1968లో, ఈ ఖాజీపేటలోనే. వరంగల్లు పక్కనున్న కాజీపేట కాదు. కడప నుంచి మైదుకూరు పోయే దోవలో, కేసీ కాలువ నీళ్ళతో వరి, పసుపు పండించే మా ఊరు. బోర్డు మీద సమీకరణం రాయకముందు మా లెక్కల అయ్యవారు అడిగిన మొదటి మాట నాకింకా చెవుల్లో ఉంది. "అంగడికి చెంబు తీసుకపోయి నూనె తెచ్చినోళ్ళు చేతులెత్తండి." అందరమూ ఎత్తినాం. "నూనె పోయకముందు అంగడాయన ఏం చేస్తాడు?" "ధడా కడతాడు!" అని అరిచినాం.

ఈ మాట ఇప్పటి పిల్లలకు చెప్పాలి. ఖాళీ చెంబును తక్కెడలో ఒక పక్క పెట్టి, రెండో పక్క చిన్నాచితకా రాళ్ళు వేసి ముల్లు నిలబెట్టడమే ధడా. ఆ తర్వాతే నూనె తూకం. చెంబు బరువెంతో అంగడాయనకూ తెలియదు, మాకూ తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. రెండు పక్కలా సమానమైంది గనక అది లెక్కలోంచి తొలగిపోయింది. అయ్యవారు 3 ఎక్స్ + 5 = 20 అని రాసి, "ఒక పక్క మూడు బెల్లం అచ్చులు, ఐదు కిలోల రాయి. ఇంకో పక్క ఇరవై కిలోలు. ఈ పక్క రాయి తీసేస్తే?" అన్నారు. ముల్లు వంగుతుందన్నాం. "నిలబడాలంటే?" ఆ పక్కా ఐదు తీయాల. మిగిలిన పదిహేనును మూడు అచ్చులకు పంచితే ఒక్కోటి ఐదు కిలోలు. అంతే సమీకరణం. పక్షాంతరం అనే మాట మాకు చాలా రోజుల తర్వాత వచ్చింది, బాగా అర్థమైన పనికి పెట్టుకున్న అడ్డదోవగా.

ఇప్పుడు ఆ అడ్డదోవే మొదటి రోజు పాఠం. ప్లస్ అటుపోతే మైనస్, మైనస్ అటుపోతే ప్లస్. ఎందుకు మారుతుందిరా అంటే "సార్ చెప్పినాడు" అంటాడు. ప్లస్ ఐదు ఎక్కడికీ పోలేదు. రెండు పక్కలా ఐదు తీసినాం, అంతే. సుమారు 820లో బాగ్దాదులో అల్ ఖ్వారిజ్మీ రాసిన పుస్తకం పేరులోనే ఈ సంగతి ఉంది. తీసివేతలో ఉన్నదాన్ని రెండు పక్కలా కలిపి పూడ్చడం అల్ జబ్ర్. ఆల్జీబ్రా మాట అక్కడిదే. రెండు పక్కలా సమానంగా ఉన్నదాన్ని కొట్టేయడం అల్ ముకాబలా. మా అంగడాయన ధడా ఆ ముకాబలానే. మా ఊరి పేరులోని ఖాజీ అంటే తీర్పు చెప్పేవాడు. తీర్పు చెప్పాలన్నా రెండు పక్షాలనూ సమానంగా చూడాల్సిందే.

అంగళ్ళలో తక్కెడ పోయి కరెంటు కాటాలొచ్చినాయి. గిన్నె పెట్టి ఒక మీట నొక్కితే అంకె సున్నాకు వస్తుంది. పిల్లోడు ఇక ధడాను ఎక్కడ చూస్తాడు? అందుకే బడిలో చూపించాల. పుస్తకంలో త్రాసు బొమ్మ ఉంది, దాన్ని ఒక్క నిమిషంలో దాటేస్తున్నారు.

ఇప్పటి పుస్తకాలను నేను తక్కువ చేయను. 2020 తర్వాత వచ్చిన ప్రభుత్వ పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. మాకు దొరకని వరం అది. 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులూ ఇచ్చినారు. కానీ మావాడు తెలుగు పేజీ వైపు తల తిప్పడు, పరీక్ష ఇంగ్లీషులో కాబట్టి. ఆ వయసుల లెక్కనే తెలుగులో గట్టిగా చదవమన్నాను. "ఐదేండ్ల తర్వాత తండ్రి వయసు, అప్పటి కొడుకు వయసుకు మూడింతలు." అప్పటి అనే మాట దగ్గర ఆగినాడు. నేనేమీ చెప్పకముందే ఎక్స్ + 5 చుట్టూ బ్రాకెట్టు పెట్టినాడు. మూడు ఆ ఐదుకూ తగలాలని వానికి మాటలోనే దొరికింది. పదకొండో శతాబ్దంలోనే పావులూరి మల్లన, మహావీరాచార్యుని సంస్కృత గణితాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చినాడు. లెక్క మన మాటలో ఇముడుతుందని అప్పుడే రుజువైంది.

ఇక సరిచూచుట. మా రోజుల్లో జవాబు రాగానే లెక్క అయిపోయేది కాదు. కింద "సరిచూచుట" అని రాసి, ఎక్స్ ఉన్నచోట ఆ విలువ పెట్టి, ఎడమ పక్షం ఇంత, కుడి పక్షం ఇంత అని చూపాల్సిందే. రాయకపోతే మార్కు పోయేది, జవాబు సరైనదైనా సరే. ఆ రెండు వరుసలతో నా జవాబు తప్పో ఒప్పో ఎవరినీ అడగకుండా నాకే తెలిసేది. పదమూడేండ్ల పిల్లోనికి అది ఎంత ధైర్యమో పొందినవాళ్ళకు తెలుసు. పసుపు మూటలు కాటాకెక్కించిన ప్రతిసారీ, వ్యాపారి చెప్పిన అంకెను నేను వెనక్కి వేసి చూసుకున్నాను. ఇప్పుడు నాలుగు జవాబులిచ్చి ఒకటి టిక్కు పెట్టమంటున్నారు. కీ వచ్చేదాకా పిల్లోనికి తాను చేసింది ఏమైందో తెలియదు.

మావాడు మళ్ళీ చేసినాడు. కొడుకు 10, తండ్రి 40. ఐదేండ్లకు 15, 45. నేను అడగకుండానే కింద సరిచూసినాడు.

అయ్యవార్లకు నా మనవి ఒకటే. సమీకరణానికి ఐదు మార్కులుంటే, ఒకటి సరిచూచుటకు కేటాయించండి. అది రాయని పిల్లోనికి ఆ ఒక్కటీ ఇవ్వకండి.