కోరం ఉన్న ఆర్కెస్ట్రా

డప్పు పరుగందుకుంటుంది. దాని వెనకే డోలు. సన్నాయి ఇంకో మెట్టు పైకెక్కుతుంది. ఇక ముక్తాయింపు పడాలి, మూడుసార్లు తిప్పి ‘ధాం’ అనాలి. సరిగ్గా అక్కడ ఆగిపోతుంది. కాసేపు నిశ్శబ్దం. ఎవరో నవ్వుతారు. “రేయ్, తొందరపడింది నువ్వేరా” అని ఇంకెవరో అంటారు. మళ్లీ మొదటి నుంచి.

యూనివర్సిటీ హాస్టల్ గోడకి ఇవతల అద్దెకుంటున్న వ్యాసకర్తకి శబ్దంతో పేచీ లేదు. పెళ్లిళ్లలో డీజేలు, కార్తీకంలో మైకులు, ఎన్నికలప్పుడు ఆటోల మీద పాటలు, అన్నీ భరించి రాటుదేలిన చెవులవి. అతని పేచీ అంతా పాట పూర్తికాకపోవడంతోనే. ముక్తాయింపు పడని పాట మనిషిని పడుకోనివ్వదు. రాత్రి పదిన్నరకి బృందం సర్దుకుని వెళ్లిపోతుంది. అనకుండా వదిలేసిన ఆ ‘ధాం’ మాత్రం గోడ దాటి వచ్చి మంచం మీద కూర్చుంటుంది. భార్యకి తెలియకుండా, దుప్పటి కింద వేళ్లతో ఆ మూడు తిప్పులూ అతనే పూర్తిచేసుకుంటున్నాడు. ఆవిడకి తెలిసిపోయింది.

“ఆ కొట్టేదేదో వెళ్లి వాళ్లతోనే కొట్టండి, ఒక పనైపోతుంది” అంది.

ఇదంతా యువజనోత్సవాల పుణ్యం. అంతర్ విశ్వవిద్యాలయ యువజనోత్సవాలు 1954లో ఢిల్లీలో మొదలయ్యాయి. ఇప్పుడు వాటిని నడిపే భారత విశ్వవిద్యాలయాల సంఘం వయసు ఇంకా పెద్దది, 1925 నాటిది. ఇన్నేళ్ల అనుభవంతో తయారైన నిబంధనల్లో ఫోక్ ఆర్కెస్ట్రా అనే పోటీ ఒకటుంది. జట్టులో పన్నెండు మంది దాకా ఉండొచ్చు. వాయించడానికి దొరికేది సుమారు పది నిమిషాలు. విద్యార్థులతోపాటు ముగ్గురు వృత్తి కళాకారులకీ చోటుంది, కానీ వాళ్లు విడిగా కూర్చోవాలి, వేరే రకం బట్టలు కట్టుకోవాలి. విద్యార్థులు పట్టుపంచెల్లో మధ్యన. అసలు వాయించేవాళ్లు మామూలు చొక్కాల్లో ఓ పక్కన. సంగీతం ఏ వైపు నుంచి వస్తోందో న్యాయనిర్ణేతలు చెవులతో కనుక్కోలేకపోయినా కళ్లతో పట్టుకోవచ్చన్నమాట.

టీ కొట్టు దగ్గర దొరికిన ఫ్లూటు కుర్రాడిని వ్యాసకర్త నిలదీశాడు.

“ఏం బాబూ, ఆ ముక్తాయింపు ఎప్పుడు పడుతుంది?”

“డోలు వాడికి మిడ్స్ అంకుల్. రేపు పడుతుంది.”

మర్నాడు డోలు వచ్చాడు, డప్పు రాలేదు. ప్లేస్‌మెంట్ డ్రైవ్. ఆ మర్నాడు డప్పు వచ్చాడు, వయొలిన్ అమ్మాయికి ల్యాబ్. ఆ తర్వాత దాదాపు అందరూ వచ్చారుగానీ హాలు తాళం చెవి ఉన్నాయన రాలేదు. పన్నెండు మందీ ఒకేచోట కనిపించింది పోటీ దరఖాస్తుకి అంటించిన గ్రూప్ ఫోటోలో మాత్రమే. రోజూ వచ్చేది ఆ ఫ్లూటు కుర్రాడొక్కడే. ఎవరూ రాకపోయినా మెట్ల మీద కూర్చుని తన వంతు తను వాయించుకుని, మిగతా వాళ్ల వంతు వచ్చినప్పుడు వేళ్లు లెక్కపెట్టుకుంటూ ఊరుకుని, మళ్లీ తన వంతుకి అందుకుంటాడు.

ఇక్కడ హెన్రీ గాసెట్ గురించి చెప్పుకోవాలి. అంత అవసరమేమీ లేదుగానీ, చెప్పకుండా ఉండటం కష్టం.

అమెరికాలో హార్వర్డ్ కాలేజీ కుర్రాళ్లు కొందరు 1808లో పియరియన్ సొడాలిటీ అని ఒక వాద్యసంఘం పెట్టుకున్నారు. పేరు గంభీరంగా ఉన్నా పని సరదాగానే ఉండేది: కలిసి వాయించుకోవడం, నడుమ బ్రాందీ, చుట్టలు, చీకటిపడ్డాక అమ్మాయిల కిటికీల కింద నిలబడి పాటలు వినిపించడం. ఒకసారి ఆ కచేరీల్లో పడి రాత్రంతా కాలేజీకి తిరిగి రాలేదు. పెద్దలు సంఘాన్ని బహిరంగంగా చీవాట్లు పెట్టారు. దాంతో అందులో సభ్యుడినని చెప్పుకోవడమే నామోషీ అయిపోయింది. ఒక్కొక్కళ్లే జారుకున్నారు. 1832 నాటికి సంఘంలో మిగిలింది హెన్రీ గాసెట్ ఒక్కడే. వాయించేది ఫ్లూటు.

ఇంకెవరైనా అయితే ఫ్లూటు సంచిలో పడేసుకుని ఇంటికి పోయేవారు. గాసెట్ పోలేదు. సంఘం సమావేశాలు జరిపాడు, ఒక్కడే. సాధన చేశాడు, ఒక్కడే. అలా కొంతకాలం సంఘాన్ని నడిపాడు.

ఆ సమావేశాలు ఎలా జరిగి ఉంటాయో ఊహించుకోవడం నిద్రపట్టని రాత్రుల్లో వ్యాసకర్తకి మంచి కాలక్షేపం. కోరానికి ఢోకా లేదు, సభ్యులందరూ హాజరు. అధ్యక్షుడు కుర్చీలో కూర్చుని సభ మొదలైందని ప్రకటిస్తాడు. కార్యదర్శి లేచి గత సమావేశం నివేదిక చదువుతాడు. చదివినవాడే కూర్చుని శ్రద్ధగా వింటాడు. చందా బకాయిల ప్రస్తావన వస్తుంది. కోశాధికారి బకాయిదారు వంక కోపంగా చూడాలంటే గదిలో అద్దం ఉండాలి. తీర్మానాలన్నీ ఏకగ్రీవం. ముందు వరసలో ఎవరు కూర్చోవాలన్న తగాదా లేదు. వందన సమర్పణలో ఎవరి పేరూ మరిచిపోయే ప్రమాదం లేదు. తనకి తాను శాలువా కప్పుకుని, కప్పుతున్నప్పుడు ఫోటోకి మొహం ఎటు పెట్టాలన్నదొక్కటే చిక్కు. అదృష్టవశాత్తూ ఆ కాలంలో అక్కడ ఫోటోలూ లేవు, శాలువాలు కప్పే అలవాటూ లేదు. అమెరికాలోని మన తెలుగు సంఘాల చరిత్ర తెలిసినవాళ్లకి ఇంకో ఆశ్చర్యం కూడా కలగాలి: సభ్యుడు ఒక్కడే అయినా ఆ సంఘం రెండుగా చీలలేదు.

చివరికి గాసెట్ ఇంకో ఫ్లూటు వాయించేవాడిని బతిమాలి తెచ్చుకున్నాడు. ఏకగ్రీవ తీర్మానాలకి బహుశా అదే ఆఖరి రోజు. ఒక ఫ్లూటు కంటే బాధాకరమైనది రెండు ఫ్లూట్లు అని పాశ్చాత్య సంగీతంలో పాత జోకొకటి ఉంది. అయినా ఇద్దరూ జంటగా సాధన చేశారు. వాళ్లని చూసి మెల్లగా ఇంకొందరు చేరారు. 1942లో ఆ సంఘం రాడ్‌క్లిఫ్ మహిళా కళాశాల ఆర్కెస్ట్రాతో కలిసింది. హార్వర్డ్-రాడ్‌క్లిఫ్ ఆర్కెస్ట్రా అన్న పేరుతో నేటికీ వాయిస్తోంది.

ఈ కథంతా విని ఫ్లూటు కుర్రాడు గ్లాసు కింద పెట్టి అడిగాడు: “ఆయనకి అటెండెన్స్ ఇచ్చారా అంకుల్?”

ఆ ప్రశ్న కొట్టిపారేసేది కాదు. గోడవతల బృందం కష్టాలన్నీ సంగీతం వల్ల వచ్చినవి కావు. డప్పు సంగతే చూడండి. చెమ్మగాలికి చర్మం సడలి ‘బొద్’మంటుంది. దానికి సెగ చూపించాలి. ఆడిటోరియంలో అగ్గిపుల్ల గీయకూడదు. కాబట్టి వెనక మెట్ల దగ్గర ఎండుటాకులు, పాత రికార్డు పుస్తకాల కాగితాలు పోగేసి మంట పెడతారు. డప్పుని అంచు పట్టుకుని మంటకి ఎదురుగా నెమ్మదిగా తిప్పుతారు, వేలితో మీటి చూస్తారు, మళ్లీ తిప్పుతారు. బెంజీన్ వలయాలు గీసిన కాగితమొకటి ముడుచుకుపోతూ ఉండగా చర్మం బిగుస్తుంది. కుడిచేతిలో లావుపాటి చిర్ర, ఎడమచేతిలో సన్నటి చిటికెన పుల్ల. కాగిన డప్పు మీద ఆ పుల్ల మొదటిసారి పడగానే ఖణేల్‌మంటుంది. ఆ ఖణేలు వినే వాచ్‌మన్ బకెట్ నీళ్లతో వస్తాడు. మంట ఆరుతుంది. గొడవ సర్దుకునేసరికి డప్పు మళ్లీ ‘బొద్’.

శ్రుతిది ఇంకో బాధ. పాశ్చాత్య ఆర్కెస్ట్రాలో ఓబో వాయించేవాడు ఒక స్వరం పట్టుకుంటాడు, మిగతావాళ్లంతా దానికి సరిచేసుకుంటారు, అయిపోయింది. మన ఫ్లూటు శ్రుతి వెదురుకి రంధ్రాలు పెట్టిన రోజునే ఖరారు. సన్నాయిదీ అంతే. రెండింటికీ తేడా ఉంటే తగ్గేది ఎవరు? సన్నాయి మాస్టారు తగ్గరు. ఆయన వేరే చొక్కా వేసుకున్న వృత్తి కళాకారుడు. కుర్రాడి దగ్గర ఇంకో ఫ్లూటు లేదు. మధ్యలో వయొలిన్ అమ్మాయి బిరడాలు తిప్పీ తిప్పీ రాత్రికోసారి తీగ తెంపుతుంది. 1971లో న్యూయార్క్‌లో బంగ్లాదేశ్ సహాయ కచేరీలో రవిశంకర్, అలీ అక్బర్ ఖాన్ శ్రుతి చేసుకుంటుంటేనే జనం చప్పట్లు కొట్టారు. శ్రుతి చేసుకోవడమే ఇంత నచ్చితే, వాయించడం ఇంకా నచ్చుతుందని ఆశిస్తున్నానని రవిశంకర్ చమత్కరించారు. గోడకి ఇవతల వీధి వీధంతా ఆ చప్పట్ల దశ ఎప్పుడో దాటేసింది.

ఇవి చాలవన్నట్టు కమిటీలో ఎవరో కిన్నెర కావాలన్నారట. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్యకి 2022లో పద్మశ్రీ వచ్చింది కదా, మన జట్టులోనూ కిన్నెర ఉంటే మార్కులు పడతాయని వాళ్ల లెక్క. వాయించేదెవరని అడిగితే “యూట్యూబులో ఉంది సార్” అన్నారట.

సాంస్కృతిక కార్యక్రమాల సమన్వయకర్త సివిల్ ఇంజనీరింగ్ మాస్టారు. అదనపు బాధ్యత. మంచి మనిషి; సొంత డబ్బులతో కుర్రాళ్లకి ఇడ్లీలు తెప్పిస్తాడు. కానీ ఆయనకి తెలిసిన తాళం బీరువా తాళమొక్కటే. ఇందులో ఆయన తప్పేమీ లేదు. వాద్యబృందానికి ఒక మాస్టారిని వేసుకునే ఆలోచన ఆ యూనివర్సిటీకి ఏనాడూ వచ్చినట్టు లేదు. ఆటలకి కోచ్ ఉంటాడు, మైదానం ఉంటుంది, నీళ్లు పట్టే మనిషి ఉంటాడు. ఆర్కెస్ట్రాకి పోటీకి ముందొచ్చే ఒక సర్క్యులర్ ఉంటుంది. 1919లో విజయనగరంలో ఆదిభట్ల నారాయణదాసు ప్రిన్సిపాల్‌గా మహారాజా వారి సంగీత కళాశాల మొదలైనప్పుడు, ద్వారం వెంకటస్వామి నాయుడు విద్యార్థిగా చేరదామని వెళ్తే ఆయన వాయించింది విని ఆచార్యుడిగా వేసుకున్నారని చెబుతారు. ఇప్పుడైతే నెట్ ఉందా, పీహెచ్‌డీ ఉందా, రోస్టర్‌లో ఖాళీ ఎవరిది అని అడిగి, ఫిడేలు పెట్టె తెరవనివ్వకుండానే పంపించేద్దురు.

మొన్న ఒక రాత్రి ముక్తాయింపు పడింది. మర్నాడు పొద్దున్నే పోటీకి బస్సు, కాబట్టి పన్నెండు మందీ వచ్చారు. మూడు తిప్పులూ తిరిగి ‘ధాం’ అని ఒకేసారి ఆగింది. ఎదురింటి రిటైర్డ్ తహసీల్దారు గారు బాల్కనీలోంచి “హమ్మయ్య” అని గట్టిగా అన్నారు. జట్టు వెళ్లింది, మూడో బహుమతి తెచ్చుకుంది. షీల్డుతో ఫోటో పేపర్లో పడింది. డోలు, తాళాలు, తంబుర స్టాకు రిజిస్టరులో సంతకం పెట్టించుకుని బీరువాలోకి వెళ్లిపోయాయి. మళ్లీ వచ్చే ఏడు సర్క్యులర్ వచ్చేదాకా వాటికి సెలవులు.

వీధి ప్రశాంతంగా ఉంది. ఉండాల్సినంత హాయిగా మాత్రం లేదు. ఒంటరిగా వాయించేవాడు చదువయ్యాక కూడా ఇంట్లో తలుపేసుకుని వాయించుకోగలడు. పదకొండు మంది మధ్య తన వంతు కోసం ఆగడం నేర్చుకున్నవాడికి ఆ పదకొండు మందీ కావాలి. వాళ్లు తలో ఊరూ వెళ్లిపోతే ఆ నేర్చుకున్నది ఏం చేసుకోవాలో తెలియదు. పియరియన్ సొడాలిటీ పాత విద్యార్థులకీ ఈ బెంగే పట్టుకున్నట్టుంది. 1837లో వాళ్లు హార్వర్డ్ మ్యూజికల్ అసోసియేషన్ అని ఒకటి పెట్టుకున్నారు. 1865 నుంచి అది బోస్టన్‌లో ఆర్కెస్ట్రా కచేరీలు నడిపింది. వినే జనం అలా తయారై ఉన్న ఊళ్లోనే 1881లో బోస్టన్ సింఫనీ ఆర్కెస్ట్రా పుట్టింది. మన దగ్గర 1952లో ఢిల్లీ ఆకాశవాణిలో రవిశంకర్ నాయకత్వాన వాద్యబృందం మొదలైంది. తర్వాత మన ఈమని శంకరశాస్త్రి కూడా దానికి సంగీతం కూర్చారు. అది ఉద్దండుల కొలువు. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి, ఓ మోస్తరుగా వాయించే నలుగురితో కలిసి కూర్చునే చోటు వేరు. అలాంటిది మన ఊళ్లలో ఎక్కడుందో వెతుక్కోవాలి.

ఫ్లూటు కుర్రాడికి హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది. జూన్‌లో చేరాలి. “గచ్చిబౌలి వైపు కలిసి వాయించుకునేవాళ్లు ఉంటారా అంకుల్?” అని అడిగాడు. వ్యాసకర్త చాలాసేపు ఆలోచించి గుడి భజన మండలి అన్నాడు, ఆఫీసు యాన్యువల్ డే అన్నాడు, పెళ్లి బ్యాండు మేళం అన్నాడు.

భజన మండలిలో ఫ్లూటు వినపడదన్నాడు కుర్రాడు. యాన్యువల్ డేకి పాటలు పెన్ డ్రైవ్‌లో తెచ్చుకుంటారట. పెళ్లి బ్యాండు మాటకి మాత్రం కాస్త మొహం విప్పారింది.

“అందులో డోలు కూడా ఉంటుంది కదా అంకుల్.”

“ఉంటుంది. కానీ వాళ్లు నిన్ను రానివ్వరు బాబూ. వాళ్లకి ఏడాదంతా వాయించేవాళ్లు కావాలి.”