కీర్తిశేషులపై కిస్తు

కవి బ్రదికియుండగా ఆతని పుస్తకమును కొనక, గతించిన పిమ్మట విగ్రహము నిలిపి పూలమాల వేయుట మన గోదావరీ మండలమున చిరకాలముగా నడచుచున్న ఆచారమే గనుక, ఆ కీర్తిశేషుని పేర కొంత పైకము కూడ రాబట్టినచో కళాపోషణ సుసంపన్నమగునని, కొవ్వూరు గోష్పాద రేవున కూర్చుండి దీర్ఘముగా యోచించి యొక పథకమును సిద్ధపరచితిని.

ఇది నా స్వకపోలకల్పితము కాదు. అర్జెంటీనావారు 1958లోనే కళానిధి నొకదానిని నెలకొల్పి, కాపీరైటు తీరిన రచనలను వాడుకొనువారి నుండి రుసుము పుచ్చుకొని దానికి జమకట్టుచున్నారు. ఇటలీవారు అర్ధశతాబ్దమునకు పైగా వసూలుచేసి 1996లో మానుకొనిరి గాని, మానుకొన్నవారి సంగతి మనకేల?

మన చట్టమున రచయిత పోయిన మరుసటి యేటి నుండి అరువదేండ్లు నిండగనే రచన సర్వజనుల సొత్తగును. తిరుపతి వేంకట కవులలో దివాకర్లవారు 1920లోను, చెళ్లపిళ్లవారు 1950లోను దివంగతులైరి. జంటరచనకు చివర పోయినవారి నుండియే లెక్క గనుక, వారి పాండవోద్యోగ విజయ నాటకములు 2011 మొదలు ఊరూర తీర్థములలో అప్పనముగా పాడబడుచున్నవి. దీనిని ఉపేక్షించుట రాజనీతి కాదు. అయితే పడకసీను కృష్ణుడు వేరు, రాయబారము కృష్ణుడు వేరు. రుసుము కృష్ణునికొక్కటియా, నాటకమునకొక్కటియా? ఒన్స్‌మోరన్నంత మాత్రమున పద్యము మరల నందుకొన్నచో, రెండవసారికి చెల్లింపవలసినది పాడినవాడా, కేకవేసినవాడా? పద్యము కవిది గాని, దానికి నాలుగింతలు సాగెడి రాగము పాడువానిదియు హార్మోనిస్టుదియు. అంతమేర తగ్గింపు నీయక తప్పదు.

ఇక రాజ్యాంగపు చిక్కు. కాపీరైటు కేంద్రమువారి జాబితాలోనిది; వినోదపు పన్ను, జి.ఎస్.టి. వచ్చిన పిదప, పంచాయతీలు, పురపాలక సంఘములు మొదలగు స్థానిక సంస్థలకు మాత్రమే మిగిలినది. అనగా కొవ్వూరు మునిసిపాలిటీకి కృష్ణునిపై అధికారము కలదు, కవిపై లేదు. పన్ను గాదు, రుసుమందమన్నచో, రుసుము పుచ్చుకొన్నవాడు బదులు సేవ చేయవలెనని 1954లో శిరూరు మఠము దావాలో సుప్రీంకోర్టు సెలవిచ్చినది. చెళ్లపిళ్లవారికి సర్కారు నేడు చేయదగిన సేవ యేమి? మీసములు దువ్వుటయా? మరియు, బ్రదికియున్న రచయిత నాటకమును ఔత్సాహిక సంఘము టిక్కెట్టు లేకుండ ఆడినచో 52వ సెక్షను తప్పుపట్టదు. నా పథకమున అట్టి దాక్షిణ్యములకు తావులేదు గనుక, సజీవునికన్న స్వర్గస్థుడే ప్రియమగును.

వసూలైన సొమ్మెవరికని కొందరు తొందరపడుచున్నారు. దీనికి గోదావరి ఆవలి యొడ్డుననే పూర్వోదాహరణము కలదు. రాజరాజనరేంద్రుడు నన్నయచే భారతము నారంభింపజేసి, నందంపూడి అగ్రహారమును ఆ రచనకు తోడ్పడిన నారాయణభట్టునకు ధారవోసెను. దానశాసనమును మాత్రము నన్నయయే రచించెను. నా పథకపు నిధియు నీ మర్యాదనే పాటించును: దరఖాస్తులను వ్రాయు భారము పూర్తిగా కళాకారులకే అప్పగింపబడినది.