గోడల బాబాయ్

ఆదివారం పొద్దున ఏడింటికల్లా మా బాబాయికి ఉత్తేజం కలగాలి. దానికి గుడి చాలదు, కాఫీ అసలే చాలదు. బొమ్మ వేసిన గోడ కావాలి. రిటైరయ్యాక పట్టుకున్న జబ్బు ఇది. పిన్ని మోకాళ్లు అడ్డం పెట్టి తప్పించుకుంది కాబట్టి స్కూటర్ వెనక సీటు నాకు దక్కింది.

మొన్న రాజ్‌భవన్ దగ్గరి ఎంఎస్ మక్తాకి తీసుకెళ్లాడు. ఇరుకు సందులు, పక్కనే రైలు పట్టాలు. 2016లో గోడల మీద బొమ్మలు వేయించే స్టార్ట్ ఇండియా ఫౌండేషన్ హైదరాబాద్‌లో అడుగుపెట్టాక ఈ బస్తీ గోడలకు రంగులొచ్చాయి. పల్లె ఆడవాళ్ల బొమ్మలకు పేరుపడ్డ స్వాతి, విజయ్ దంపతులు ఇక్కడా కుంచె పట్టారు.

బాబాయి గోడను చూసే తీరు పెళ్లిచూపులకెళ్లిన మేనమామదే. ముందు దూరం నుంచి, తర్వాత వారగా, ఆఖర్న ముక్కు ఆనేంత దగ్గరగా. "ఒరేయ్, పెచ్చు లేస్తోంది చూడు. ప్రైమర్ సరిగా పడలేదు." వెంటనే ఢిల్లీ ఎత్తుకుంటాడు. ఎల్టీసీ మీద ఒక్కసారి వెళ్లొచ్చాడు లెండి. ఇంగ్లీషువాళ్లు 1940ల్లో గుమాస్తాలకు కట్టిన లోధీ కాలనీ క్వార్టర్ల మీది బొమ్మలు, అప్పటి పోలీసు హెడ్‌క్వార్టర్స్ మీద 2014లో వేసిన నిలువెత్తు గాంధీ. ఎర్రకోట చూశాడో లేదో ఇంతవరకు చెప్పలేదు.

ఒక మలుపులో గోడంత ముఖం. బాబాయి గుండె మీద చెయ్యేసుకున్నాడు. అయితే ఆ ముఖానికి అడ్డంగా తీగ, తీగ మీద తడి చీర.

"అమ్మా, ఆ చీర ఓ నిమిషం తీస్తారా? ముఖం కనబడ్డం లేదు."

బిందె నింపుకుంటున్నావిడ తలెత్తలేదు. "చీర ఆరాలె గద సార్. బొమ్మ యాడికి పోతది, ఈడనే ఉంటది."

దీనికి లోధీ కాలనీలో జవాబు దొరకలేదు. ఇంతలో పదేళ్ల కుర్రాడొకడు వచ్చి బాబాయి భుజం పట్టి రెండడుగులు పక్కకు జరిపాడు.

"అందరు ఈడనే నిలబడ్తరు అంకుల్. చేతులు కట్టుకోకు. జర నవ్వు."

ముప్పై ఏళ్లు ఆఫీసులో ఎవరి మాటా వినని మనిషి వెంటనే చేతులు దించి నవ్వాడు. నా ఫోన్ లాక్కుని వాడే మూడు ఫొటోలు తీశాడు. మూడోది పడుకుని తీశాడు.

ఇంటికొచ్చి బాబాయి ఆ ఫొటో చూపిస్తూ రంగుల గురించీ, ఆశ గురించీ పావుగంట చెప్పాడు. పిన్ని కళ్లజోడు పెట్టుకుని, రెండు వేళ్లతో తెర సాగదీసి, కాసేపు అలాగే చూసింది. బాబాయి ఊపిరి బిగబట్టాడు.

"అవునూ, ఈ తీగ మీద చీర ఎక్కడ కొన్నదో అడిగారా?"