బెల్టు కోస్తే మాన్యువల్ అయిపోదు

మా రోజుల్లో లారీ స్టీరింగ్ ముందు కూర్చున్న కుర్రాడికి ఉస్తాదు నేర్పే మొదటి పాఠం బొటనవేళ్లది. "వేళ్లు చక్రం మీద పెట్టు, లోపలికి పోనియ్యకు" అని చేతి మీద కొట్టి మరీ చెప్పేవాడు. ముందు టైరు గుంతలో పడినా, రాయి ఎక్కినా ఆ దెబ్బ డ్రాగ్ లింకు పట్టుకుని, స్టీరింగ్ బాక్సు దాటుకుని చేతి దాకా వచ్చేది. చక్రం గిర్రున ఎదురు తిరిగేది. పుల్లల మధ్య బొటనవేలు ఉందంటే విరగడమే. నర్సంపేట రోడ్డు మీద అట్లా వేలు విరగ్గొట్టుకుని, కట్టు కట్టించుకుని మళ్లీ బండెక్కిన డ్రైవర్లు నాకు తెలుసు. ఇప్పుడు డ్రైవింగ్ నేర్పేవాళ్లెవరూ బొటనవేలి ముచ్చటే ఎత్తరు. పంపు, నూనె కలిసి ఆ దెబ్బలో చాలా భాగాన్ని మధ్యలోనే మింగేస్తున్నాయి మరి.

నేను పవర్ స్టీరింగ్ వద్దనే మనిషిని కాను. మిర్చి సీజన్‌లో మా వరంగల్ ఎనుమాముల మార్కెట్టుకు వచ్చే లారీలను ఆ కాలంలో చూసినవాడెవడూ ఆ మాట అనడు. ఫుల్ లోడు బండిని యార్డులో తిప్పాలంటే డ్రైవరు సీటు మీంచి లేచి, రెండు చేతులూ చక్రానికి ఒక పక్కనే వేసి, ఒళ్లంతా దాని మీద వేసి గుంజేవాడు. కింద క్లీనరు "రానీ, రానీ" అని అరుస్తుండేవాడు. నిలబడ్డ బండికి స్టీరింగ్ తిప్పకూడదు, అడుగైనా కదలనిచ్చి తిప్పాలి. ఆ కిటుకు తెలియనివాడికి సాయంత్రానికి భుజాలు లేచేవి కావు. మేడారం జాతరకు తాడ్వాయి అడవి దారిలో కిక్కిరిసిన బస్సులు నడిపిన పాతకాలపు ఆర్టీసీ డ్రైవర్లను అడగండి, ఏ భుజం ఎప్పటినుంచి నొప్పో చెప్తారు.

అమెరికాలో ఫ్రాన్సిస్ డేవిస్ అనే ఇంజనీరు 1926లోనే పవర్ స్టీరింగ్ బిగించిన కారు నడిపి చూపించాడు. 1951లో క్రైస్లర్ కంపెనీ తన ఇంపీరియల్ కారులో పెట్టి అమ్మింది. మన లారీ డ్రైవరు దాకా అది రావడానికి ఇంకెన్ని దశాబ్దాలు పట్టిందో తలుచుకుంటే నాకిప్పటికీ కడుపు మండుతుంది. తేలికైన కార్లలో తిరిగేవాళ్లు ముందు సుఖపడ్డారు. టన్నులు లాగేవాడికి ఆఖరున అందింది.

అందుకే, అంత కష్టపడి తెచ్చుకున్నదాన్ని పీకేస్తామని ఈ కాలపు పిల్లలు వస్తే, ముందు అదేమిటో తెలుసుకుని పీకండిరా అంటాను.

మొన్నామధ్య ఒక పిల్లగాడు పాత హోండా సిటీ తీసుకుని మా మెకానిక్ షెడ్డుకు వచ్చాడు. వీటెక్ బండి, ఒకటిన్నర లీటరు ఇంజిన్, 106 హార్స్‌పవర్. డ్రాగ్ రేసుల మీద మోజున్న కుర్రాళ్లు మన దేశంలో ఏళ్ల తరబడి వెతికి వెతికి కొంటున్న బండి అది. వెనక సీటు, కార్పెట్లు, స్టెప్నీ అన్నీ తీసేశాడు.

"తాతా, పవర్ స్టీరింగ్ తీసెయ్యాలె. ఎంతసేపు పడతది?"

"ఏమేం తీస్తవు బిడ్డా?"

"ఏమున్నది తాతా, బెల్టు కోసి పంపు పీకేస్తే అయిపాయె. మాన్యువల్ అయితది."

ఆలోచన తప్పని నేననను. డ్రాగ్ రేసంటే పావు మైలు, 402 మీటర్ల సూటి దారి. మలుపే లేనప్పుడు చేతికి సాయమెందుకు? పంపు, బ్రాకెట్లు, పైపులు, నూనె డబ్బా అన్నీ కలిస్తే కిలోల్లోనే బరువు. స్టీరింగ్ కదిపినా కదపకపోయినా ఇంజిన్ ఆ పంపును తిప్పుతూనే ఉండాలి. పైగా కాలుతున్న ఎగ్జాస్టు పక్కన నూనె పైపు చీలితే మంటలే. పాత మస్టాంగ్‌లను, కమారోలను డ్రాగ్ రేసుకు తయారు చేసే అమెరికా వాళ్లు ఈ పని ఎప్పటినుంచో చేస్తున్నారు. కానీ పద్ధతి తెలిసినవాడు బెల్టు కోసి చేతులు దులుపుకోడు. పవర్ బాక్సు మొత్తం దింపేసి, మాన్యువల్ కోసమే తయారైన బాక్సో రాకో ఎక్కిస్తాడు. దాని పళ్ల లెక్కే వేరు. చక్రం ఎక్కువ చుట్లు తిప్పాలి, చేతికి మాత్రం బరువు తెలియదు.

ఇంకో సంగతి ఈ పిల్లలు చూడరు. ఆ అమెరికా బండ్లకు తోపు వెనక టైర్లది. గేరు పడగానే బరువంతా వెనక్కి పోయి మూతి లేస్తుంది. ముందువైపు సన్నటి టైర్లు, వాటి మీద భారమే ఉండదు. సిటీకి ఇంజిన్ ముందే, లాగేది ముందు టైర్లే. లాగడం, మలుపుకోవడం రెండూ వాటి పనే. క్లచ్ వదలగానే ఒక టైరు పట్టి ఇంకోటి జారితే చక్రం ఒక పక్కకు గుంజేస్తుంది. పంపు ఉన్నన్నాళ్లు ఆ గుంజుడులో సగం చేతిదాకా రాలేదు. పంపు తీశాక మొత్తం వస్తుంది. మళ్లీ బొటనవేళ్ల పాఠం దగ్గరికే వచ్చాం.

మాటలతో వాడికి ఎక్కేలా లేదని మూలకున్న పాత పవర్ రాక్ ఒకటి బల్ల మీద పెట్టాను. పైపులు ఊడదీసినదే. పినియన్‌కు పానా వేసి తిప్పమన్నాను. లోపల మిగిలిన నూనె రంధ్రంలోంచి చిమ్మి వాడి చొక్కా మీద పడింది. "ఇప్పుడు రెండు రంధ్రాలకూ వేళ్లు అడ్డం పెడత, తిప్పు" అన్నాను. పానా మొరాయించింది. రాక్ మధ్యలో పిస్టన్ ఉంటుంది, దానికి సీలు ఉంటుంది. పంపు ఉంటే నూనె ఆ పిస్టన్‌ను నెట్టి సాయం చేస్తుంది. పంపు పోతే అదే నూనెను సన్నటి దారుల్లోంచి మనం చేత్తో నెట్టాలి. బెల్టు కోసిన పవర్ స్టీరింగ్ అసలైన మాన్యువల్ కన్నా బరువుగా ఉండేది అందుకే.

తర్వాత రాక్‌ను వైసులో కదలకుండా బిగించి, పినియన్‌ను వేళ్లతో అటూ ఇటూ ఆడించమన్నాను. రాక్ కదల్లేదు, పైన షాఫ్టు మాత్రం కాస్త మెలి తిరిగి వెనక్కి వచ్చింది. లోపల సన్నటి కడ్డీ ఒకటి ఉంటుంది, టార్షన్ బార్. అది మెలిపడితేనే వాల్వు తెరుచుకుని నూనె ఎటు పోవాలో అటు పోతుంది. పంపు లేని రోజున ఆ మెలి ఒట్టి ప్లే. నువ్వు చక్రం తిప్పావు, టైరు ఇంకా వినలేదు. గంటకు నూట యాభై మీద పోతున్నప్పుడు ఆ కాస్త ఆలస్యం ఏం చేస్తుందో వాడికి విడమరిచి చెప్పాల్సిన పని పడలేదు, మొహంలోనే తెలిసింది.

సరిగ్గా చేయాలంటే ఆ రాక్‌ను విప్పి పిస్టన్ సీలు తీసేయాలి. షాఫ్టూ పినియనూ ఒకటిగా కదిలేలా ఆ మెలిని బంధించాలి. నూనె రంధ్రాలను ఒకదానికొకటి కలిపి, గ్రీజు పట్టించి, మళ్లీ కట్టాలి. ఆ బంధించడం వెల్డింగుతో చేస్తారు. గేట్లు, గ్రిల్లులు అతికే చేతికి ఆ పని అప్పగించడం ప్రాణం అప్పగించడమే. టెంపరు పోయిన పినియన్ పన్ను ఏ రోజు విరుగుతుందో ఎవరూ చెప్పలేరు. నన్నడిగితే మొదటినుంచీ మాన్యువల్‌గా పుట్టిన రాక్ వేసుకోవడమే మేలు. కొన్ని బండ్లకు కంపెనీయే రెండు రకాలూ ఇచ్చింది. ఆల్టోలో ఎల్‌ఎక్స్‌కు పవర్ స్టీరింగ్ ఉండేది కాదు, ఎల్‌ఎక్స్‌ఐకి ఉండేది. అలాంటి బండి అయితే దారి సులువు. ఎలక్ట్రిక్ మోటారుతో వచ్చే ఇప్పటి స్టీరింగుల సంగతి వేరే. ఫ్యూజు పీకితే మోటారు పనిచేయదు గాని ఊడిపోదుగా, దాన్నీ చేత్తోనే తిప్పుతూ ఉండాలి.

మా రోజుల్లో స్టీరింగ్ అంటే విప్పి, చూసి, కట్టే వస్తువు. అంబాసిడర్‌కూ రాక్ అండ్ పినియనే, పంపూ లేదు గింపూ లేదు. రాక్ వదులైతే షిమ్ములు చూసి సర్దేవాళ్లం, కొత్తది కొనమనే మాటే లేదు. 1983లో మారుతి 800 వచ్చినప్పుడు దాని స్టీరింగ్ అంత తేలికేమిటని అందరూ నోరు తెరిచారు. చిన్న ఇంజిన్, 12 అంగుళాల సన్నటి టైర్లు, సరైన కోణాలు. తేలికతనమంతా అక్కడినుంచే వచ్చింది. ఒకడు పైన కూర్చుని చక్రాన్ని కొద్దికొద్దిగా ఆడిస్తుంటే ఇంకొకడు బండి కింద పడుకుని ఒక్కో జాయింటు మీద వేలు పెట్టేవాడు. టై రాడ్ ఎండులో ప్లే ఉంటే టిక్కుమని వేలికే తెలిసేది. నేడు చాలా షెడ్లలో రాక్ శబ్దం చేస్తే అసెంబ్లీ మొత్తం మార్చెయ్యమంటారు. విప్పి చూసే ఓపిక లేనప్పుడు లోపలి సీలూ కడ్డీ ఎవడికి తెలుస్తాయి? ఈ ఊళ్లోనే ఎన్ఐటీ పిల్లలు బాజా పోటీకని సొంతంగా బండి కట్టి, టై రాడ్ ఎక్కడ కట్టాలి, చక్రం ఎంత తిప్పితే టైరు ఎంత తిరగాలి అని కాగితం మీద లెక్క తేల్చుకుంటారు. వాళ్లను చూస్తే నాకు ప్రాణం లేచొస్తుంది. నేర్చుకోవాలనే ఉండాలి గాని, కాలం మారిందని పని మర్చిపోనక్కర్లేదు.

ఈ పిల్లగాడికి ఇంకో రెండు మాటలు గట్టిగానే చెప్పాను. మొదటిది, 402 మీటర్లు దాటాక బ్రేకు కొట్టాలి. అప్పుడు బరువంతా ముందు టైర్ల మీదికి దూకుతుంది. స్టీరింగ్‌లో ఉన్న ప్రతి లోపం ఆ క్షణంలో బయటపడుతుంది. అందరూ స్టార్టు గురించే మాట్లాడతారు, ఆగడం గురించి మాట్లాడేవాడే లేడు. రెండోది, ఇట్లా మార్చిన బండి రోడ్డెక్కకూడదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ ఇచ్చిన బండిని మనిష్టం వచ్చినట్టు మార్చనివ్వదు, 189వ సెక్షన్ రోడ్డు మీద పందేలు కట్టనివ్వదు. బైపాసు మీద అర్ధరాత్రి ఎదురొచ్చే లారీ డ్రైవరు ఎవరి తండ్రో. మద్రాసు దగ్గర షోళవరంలో పాత విమానాల రన్‌వే మీద రేసులు జరిగేవి, ఇప్పుడు మద్రాసుకు శ్రీపెరుంబుదూరు వైపు ట్రాకే ఉంది. మన మామునూరులో నిజాం కాలపు రన్‌వే 1981 నుంచి మామూలు విమానాల రాకపోకలు లేక పడి ఉంటే, ఇన్నేళ్లలో ఏడాదికి ఒక్కరోజైనా అంబులెన్సు, ఫైరింజను పెట్టి ఈ పిల్లలను పద్ధతిగా పరుగెత్తనిద్దామని ఎవరికీ తోచలేదు. అది మాత్రం పెద్దల తప్పే.

"ముందు టై రాడ్ ఎండ్లు, లోయర్ ఆర్మ్ బుష్‌లు కొత్తవి వేయించుకో. మాన్యువల్ రాక్ వెతుక్కో. బెల్టు సంగతి తర్వాత" అని పంపించాను.

పోయిన వారం ఫోన్ చేశాడు. హైదరాబాద్‌లో స్క్రాపులో ఒక రాక్ దొరికిందట, తన బండికి బ్రాకెట్లు చేయించి కూర్చోబెట్టొచ్చంటున్నాడు.

"పొడవు కొలిచినవా? టై రాడ్ జాయింట్లు పాతవి ఉన్నచోటనే పడాలె, లేకుంటే బండి ఎగిరినప్పుడల్లా టైరు తనంతట తనే తిరుగుతది."

"కొలిచిన తాతా, సరిపోయింది."

"బూటు జరిపి పళ్లు చూసినవా? మధ్యల పళ్లు అరిగినయా?"

"మధ్యల అంటే?"

"బండి ఎక్కువసేపు పోయేది సక్కగనే కదరా, అరిగేది ఆ నడిమి పళ్లే. అక్కడ వదులని బిగిస్తే చివర్ల పట్టేస్తది. నీ రేసంతా ఆ నడిమి పళ్ల మీదనే నడుస్తది."

"చూడలే తాతా."

పైసలు ఇవ్వకముందే పోయి చూసి రమ్మన్నాను.