అంతా ‘ఆఫీస్’ గారే తీసుకెళ్లారు

అందరికీ ఒకటే యూజర్‌నేమ్, ఒకటే పాస్‌వర్డ్. ఆ పాస్‌వర్డ్ ప్రింటర్ పక్కన గోడకు అంటించిన చీటీలో ఉంటుంది. టీ తెచ్చే కుర్రాడికి కూడా అది నోటికొచ్చు. అయినా మేనేజరు గారికి సాయంత్రానికల్లా రిపోర్టు కావాలి: ఎఫ్‌టీపీ సర్వర్‌లోంచి ఎవరెవరు ఏయే ఫైళ్లు దించుకున్నారో పేరుపేరునా!

సర్వర్ పాపం ఏదీ దాచుకోదు. ఎక్స్‌ఫర్‌లాగ్ అనే చిట్టా తెరిస్తే అన్నీ కనిపిస్తాయి. ఎన్ని గంటలకు, ఏ ఐపీ నుంచి, ఏ ఫైలు, ఎన్ని బైట్లు, లోపలికొచ్చిందా బయటికెళ్లిందా, పూర్తయిందా మధ్యలో తెగిందా, అన్నీ. మనిషి పేరుండాల్సిన చోట మాత్రం పైనుంచి కిందిదాకా ‘ఆఫీస్’ అనే ఉంటుంది. పొద్దున టెండరు ఫైలు దించుకున్నది ఆఫీస్ గారు. మధ్యాహ్నం దాని మీదే ఇంకో టెండరు ఎక్కించిందీ ఆయనే. రాత్రి పదకొండింటికి జీతాల పట్టిక పట్టుకెళ్లిందీ ఆయనే. ఇంత రెక్కలు ముక్కలు చేసుకునే ఉద్యోగికి ఏనాడూ ఇంక్రిమెంటు ఇచ్చిన పాపాన పోలేదు.

‘పేరు లేకపోతేనేం, ఐపీ ఉందిగా!’ అంటారు కాస్త తెలిసినవారు. ఉంది. బ్రాంచి మొత్తం ఒకే రౌటర్ చాటునుంచి వస్తుంది కనుక అందరికీ కలిపి ఒకటే ఉంది.

ఇక లెక్కల సంబరం. డౌన్‌లోడ్ మేనేజర్ పెట్టుకున్నవాడు ఒక్క ఫైలునే ఎనిమిది ముక్కలుగా, ఎనిమిది కనెక్షన్లతో లాగుతాడు. చిట్టాలో ఎనిమిది వరసలు పడతాయి. అవి మీటింగు తెర మీదికి చేరేసరికి ‘ఎనిమిది డౌన్‌లోడ్లు, విశేష స్పందన’ అవుతాయి. ఆ దించుకున్న ఒక్కడూ ఫైలు తెరిచాడో లేదో ఏ సర్వరూ చెప్పలేదు. సర్క్యులర్ ‘అందరూ చదివారు’ అని సంతకం పెట్టడానికి మాత్రం ఆ అంకె చాలు.

1971లో ఈ ఎఫ్‌టీపీ పద్ధతికి తొలి ముసాయిదా ఆర్‌ఎఫ్‌సీ 114 రాసింది మనవాడే, ఐఐటీ కాన్పూర్‌లో చదివిన అభయ్ భూషణ్. అప్పటి అర్పానెట్‌లో కంప్యూటర్లు పట్టుమని పాతిక లేవు. ఎవరు ఎవరో అందరికీ తెలిసిన వాడకట్టు అది. 1985లో వచ్చిన దాని సవరించిన రూపం ఆర్‌ఎఫ్‌సీ 959లో కూడా పాస్‌వర్డ్ ముసుగు లేకుండానే తీగలో నడిచిపోతుంది. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ 2021లో ఎఫ్‌టీపీకి దణ్ణం పెట్టేశాయి. మన ఆఫీసులో మాత్రం దాని మీద నిఘా ఇప్పుడే ఊపందుకుంది.

నిజానికి మనిషికో ఖాతా తెరవడం ఒక్క పూట పని. సిస్టమ్స్ అబ్బాయి ఆ మాటే చెప్పాడు. మేనేజరు గారు భేషన్నారు, జాబితా తయారు చెయ్యమన్నారు. అందులో మొదటి పేరు తనదేనని చూశాక, ‘పైవాళ్లతో మాట్లాడి చెబుతా’ అన్నారు. ఆ ఫైలు ఇంకా పెండింగులోనే ఉంది. సర్వర్‌లోనే ఉంది, కావలసినవాళ్లు దించుకోవచ్చు.